నీటివంతెన కింద పనిలేనివాడు

మా సెగోవియాలో పాలు మరవని పందిపిల్లను కాల్చి, కత్తితో కాకుండా పళ్ళెం అంచుతో కోస్తారు. అంత మెత్తగా కాలిందని చూపించుకోవడం. కోశాక ఆ పళ్ళేన్ని నేలకేసి పగలగొడతారు. టూరిస్టులు చప్పట్లు కొడతారు, ఫోన్లు పైకెత్తుతారు. పెంకులు ఊడ్చే మనిషి మాత్రం ఏ ఫోన్లోనూ పడదు. ఆ మనిషి ఫ్వెన్సిస్లా.

ఆ మధ్యాహ్నం ఆమె చీపురు పట్టుకుని ఒంగి ఉండగా, గిన్నెలు తోమే ఒబ్దూలియా వంటింటి తలుపులోంచి తల బయటపెట్టింది.

“ఒసే ఫ్వెన్సీ, నీకోసం మాడ్రిడ్ నుంచి ఎవడో వచ్చాడే. బూట్లు చూస్తే బ్యాంకువాడు. గడ్డం చూస్తే దివాలా తీసినవాడు.”

“ఎందుకొచ్చాడట?”

“నన్నడిగితే? పెళ్ళిచూపులకేమో. పో, ఆ ఏప్రన్ తిప్పి కట్టుకో, నెత్తురు మరక ఇటుంది.”

బారు చివర నిలబడి ఉన్నాడు ఆ కుర్రాడు. పేరు లెయాంద్రో. పాతికేళ్ళనాటి ఒక కంప్యూటరు యుద్ధం ఆటను కొత్త బొమ్మలతో మళ్ళీ తయారుచేస్తున్న కంపెనీలో పని. ఇద్దరూ అప్పటికే ఉత్తరాలు రాసుకున్నారు కానీ మొహాలు చూసుకోవడం అదే మొదలు.

“మీ సెగోవియా పటం నేను బళ్ళో చదువుకునేప్పుడు ఆడానండీ. ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. ఆ వంతెన కింద నుంచి గుర్రాలు తోలుకెళ్తుంటే ఒళ్ళు పులకరించేది. మీరే చేశారంటే నమ్మలేకపోతున్నాను.”

“నమ్మకు. నేనొక్కదాన్నే కాదు. మా అన్నా నేనూ చేశాం. ఎక్కువ వాడే చేశాడు.”

“ఆయన్ని కూడా కలవొచ్చా?”

“శ్మశానానికి వెళ్తే కలవొచ్చు.”

కుర్రాడు గ్లాసు కింద పెట్టేశాడు. ఒబ్దూలియా వంటింట్లోంచి అంతా వింటోంది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ ఆట ఎరగనివాళ్ళకి ఒక మాట. అందులో నీ వంతు, నా వంతు అని ఉండదు. గడియారం ఆగదు. పనివాళ్ళు చెట్లు కొడతారు, బంగారం తవ్వుతారు, ఇళ్ళు కడతారు. ఆ కష్టం మీద సైన్యం లేస్తుంది. ఆ సైన్యం అవతలివాడి పనివాళ్ళను చంపుతుంది. చరిత్ర అని దానికి పేరు పెట్టుకున్నారు, పెద్ద అబద్ధమేమీ కాదు. ఆటతో పాటు ఒక పనిముట్టు కూడా ఇచ్చేవారు, ఎవరి పటాలు వాళ్ళు తయారుచేసుకోవడానికి. కొండ ఎక్కడ, నది ఎక్కడ, ఊరు ఎక్కడ, అన్నీ మన చేత్తో పెట్టుకోవచ్చు. ఫ్వెన్సిస్లా, ఆమె అన్న ఫ్రూతోస్ ఆ పనిముట్టుతోనే తమ ఊరిని కట్టారు.

సెగోవియా కట్టాలంటే నీటివంతెన కట్టాలి. రోమన్లు కొండనీళ్ళను ఊళ్ళోకి తెచ్చుకోవడానికి నిలబెట్టిన రాతి కమానుల వరస. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. ఊరి నడిబొడ్డున ఇవాళ్టికీ నిలబడి ఉంది. ఆ పాత ఆటలో మాత్రం నీటివంతెన అనే వస్తువే లేదు. కోటలున్నాయి, చర్చీలున్నాయి, తలలు నరికే యంత్రాలున్నాయి. జనానికి నీళ్ళు తెచ్చేదొక్కటీ లేదు. అప్పుడు ఫ్రూతోస్ ఏం చేశాడంటే, కోటగుమ్మాలు తీసుకుని తలుపులు తెరిచి పెట్టి కమానుల్లా నిలబెట్టాడు. వాటి వెనక గోడముక్కలు, వాటి వెనక విరిగిన స్తంభాలు. ఆ ఆటలో అంతా ఏటవాలుగా పైనుంచి కనబడుతుంది కాబట్టి, వెనకున్నది పైనున్నట్టు కళ్ళను మోసం చేయొచ్చు. ఒక వేసవంతా పట్టింది. నీళ్ళు పారవు, ఎవరినీ కాపాడదు, ఎవరికీ కూడు పెట్టదు. ఉత్త అలంకారం.

“ఇంత కష్టపడి ఎందుకురా ఇది, దేనికీ పనికిరాదు?” అని ఆమె అడిగింది అప్పట్లో.

“బయట ఉన్నది మాత్రం దేనికి పనికొస్తోంది? నీళ్ళు ఆపేసి ఎన్నాళ్ళయింది? నిలబడుతుంది, అంతే. నిలబడ్డం తేలికనుకున్నావా? పరంజా ఎక్కి చూడు తెలుస్తుంది.”

ఫ్రూతోస్ పరంజా పనివాడు. పాత చర్చీల గోడలకి పైపులు, పలకలు బిగించి మేస్త్రీలు నిలబడే చోటు కట్టేవాడు. తెల్లవారగానే ఊరి చివర, వంతెన మొదలయ్యే చోట, కాంట్రాక్టరు వ్యాను కోసం నిలబడేవాడు. అక్కడ వంతెన ఎత్తు మనిషి నడుం దాకానే. ఆ పొట్టి కమాను మీద రొట్టెసంచి పెట్టుకుని సిగరెట్టు వెలిగించేవాడు. టూరిస్టులు అటు రారు. వాళ్ళకి ఎత్తు కావాలి.

వంతెన గురించి ఊళ్ళో చెప్పుకునే కథ మీద అతనికి మహా కోపం. నీళ్ళు మోసి మోసి విసిగిపోయిన పనిపిల్ల ఒకతి దెయ్యంతో బేరం పెట్టుకుందట. తెల్లారేలోగా నీళ్ళు గుమ్మంలోకి తెస్తే నా ఆత్మ నీదే అందట. దెయ్యం రాత్రికి రాత్రి కట్టేసిందట, ఒక్క రాయి తక్కువై ఉండగా కోడి కూసిందట, పిల్ల బతికిపోయిందట. ఆ రాయి లేని కన్నం ఇదేనని పిల్లలకి చూపిస్తారు. ఇప్పుడందులో మేరీమాత నిలబడి ఉంది.

“చూశావా, పని చేసింది దెయ్యమట,” అనేవాడు ఫ్రూతోస్. “పోనీ దెయ్యం కాదంటే చక్రవర్తి. వాడి పేరు కంచు అక్షరాలతో రాతికి దిగ్గొట్టారు. అక్షరాలు ఎవడో పీక్కుపోయాడు, మేకుల కన్నాలు మిగిలాయి. ఆ కన్నాలు చూసి వాడి పేరు చదవడానికి ప్రొఫెసర్లున్నారు. రాయి మోసినవాడికి కన్నం కూడా లేదు.”

అందుకే పటం చేసేవాళ్ళ అలవాటు ఒకటి అతనికి ప్రాణం. ఆటలో ప్రతి మనిషీ ఎవడో ఒకడి రంగు వేసుకుని ఉంటాడు, ఎరుపో నీలమో. యజమాని లేని మనిషిని పెట్టాలంటే ‘ఎవరికీ చెందడు’ అని రాసి పెట్టాలి. పటం పూర్తయ్యాక తయారుచేసినవాడు అలాంటి మనిషినొకణ్ణి ఎక్కడో దాస్తాడు. సంతకం అన్నమాట. చెట్ల చాటునో, కొండ వెనకో. దొరికినవాడికి దొరుకుతాడు. ఎక్కడున్నాడో మాత్రం నోరు విప్పి చెప్పకూడదు, కట్టుకున్నదానికైనా సరే, చెల్లెలికైనా సరే.

“ఎవర్ని పెట్టావురా?”

“పనివాణ్ణి.”

“ఎక్కడ?”

“వెతుక్కో. చూడు ఫ్వెన్సీ, మనకి చెందిన పనివాడు ఒక్కక్షణం ఊరికే నిలబడితే గంట మోగుతుంది, చూశావా? పనిలేనివాళ్ళు ఇందరు అని మూల అంకె వెలుగుతుంది. ఆ గంట కనిపెట్టినవాడు మా మేస్త్రీ బావమరిది అయ్యుంటాడు. ఎవరికీ చెందనివాడికి గంట మోగదు. వాడొక్కడే ఈ ఆట మొత్తంలో మనిషి.”

ఆమె వెతకలేదు. ఎప్పుడైనా వెతకొచ్చులే అనుకుంది. ఆ చలికాలమే ఒక గంటస్తంభం మరమ్మతులో పలక జారి ఫ్రూతోస్ పడిపోయాడు. నడుముకి బెల్టు ఉంది. బెల్టు తగిలించడానికి తాడు లేదు. తాడు కట్టుకుంటూ కూర్చుంటే పండక్కి గంట మోగదన్నారు. పండక్కి గంట మోగింది. గోడకి పాలరాతి పలక పెట్టారు: మంత్రి పేరు, బిషప్ పేరు, కాంట్రాక్టరు పేరు. ఎవరినీ ఏమీ అనలేదు ఏ కోర్టూ. పడ్డవాడిదే అజాగ్రత్త అని తేల్చారు.

అందుకని లెయాంద్రో బారులో నిలబడి, “మీ పటాన్ని కొత్త ఆటలో పెట్టుకుంటాం,” అన్నప్పుడు, ఆమె అడిగింది ఒక్కటే.

“మా అన్న పేరు ఉండాలి. పటం తెరవగానే కనబడే మొదటి తెర మీద. ఫ్రూతోస్ అరేవలో అని. నా పేరు అక్కర్లేదు.”

“ఇద్దరి పేర్లూ ఉంటాయి. అది నా పూచీ,” అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ క్షణాన అబద్ధం చెప్పలేదు. అలాంటివాళ్ళు చెప్పరు. నమ్మి చెబుతారు, అందుకే ప్రమాదం.

తర్వాత ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. కొత్త ఆటలో ఇప్పుడు నీటివంతెన ఉంది. నిటారు ముక్క, మలుపు ముక్క, కూలిన ముక్క. రాళ్ళ సందుల్లో నాచు, పైన తిరిగే వానకోయిల పిట్టల గుంపు. అందంగా ఉంది. ఆమె మనసులో కూడా ఆ మాట కాదనలేకపోయింది.

“నీళ్ళు పారతాయా?”

“లేదండీ. ఇది అలంకారాల పట్టీలోది. పూలకుండీలు, ఎముకలు, ఇది.”

“ఎముకల పక్కనా?”

“పట్టీలోనే లెండి, పటంలో కాదు,” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

చెయ్యాల్సిన పని చిన్నదే. పాత పటాన్ని కొత్త పనిముట్టులో తెరిచి, గుమ్మాలతో, గోడముక్కలతో పేర్చిన పాత వంతెనను తీసేసి, ఆ చోట కొత్తది పెట్టాలి. తామే చేస్తామన్నారు కంపెనీవాళ్ళు. ఆమె ఒప్పుకోలేదు. మా అన్న కట్టింది నేనే దింపుతానంది.

సోమవారం హోటల్‌కి సెలవు. పొద్దున్నే ఫ్రూతోస్ కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ పటం ఇప్పుడు దాంట్లో తప్ప ఎక్కడా లేదు. దాన్ని పెట్టిన సైటు మూతపడి చాలా కాలమైంది. దింపే ముందు ఆ మనిషిని వెతకాలనుకుంది. కొత్త ఆటలో ఎవరికీ చెందని మనుషులు ఉండరని, పాతవాళ్ళు తెరవగానే మాయమైపోతారని లెయాంద్రో ముందే చెప్పాడు. ఎక్కడున్నాడో తెలిస్తే, అదే చోట కొత్తగా ఏదో ఒకటి నిలబెట్టవచ్చు.

ఎక్కడ వెతికింది? సెగోవియాలో పుట్టినవాళ్ళెవరైనా ముందు ఎక్కడ వెతుకుతారో అక్కడే. అన్నిటికంటే ఎత్తైన స్తంభం మీద, దెయ్యం రాయి పెట్టలేకపోయిన కన్నంలో. ఉన్నాడు. గోడముక్క వెనక సగం దాక్కుని ఒక సన్యాసి, చేతిలో కర్ర, ఏ రంగూ లేని అంగీ. ఆమె పెద్దగా నవ్వింది, ఒంటరిగా ఉన్న ఇంట్లో. పనివాణ్ణి పెట్టానని చెప్పి స్వాములవారిని పెట్టాడా దొంగ. చర్చి వాకిలి తొక్కనివాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇక వెతకలేదు.

అది సంతకం కాదు. ఎర. ఊళ్ళోవాళ్ళంతా అక్కడే చూస్తారని తెలిసి ఫ్రూతోస్ వేసిన వేళాకోళం. తన చెల్లెలు ఊళ్ళోవాళ్ళలా చూడదనుకున్నాడు కాబోలు.

కొత్త పనిముట్టులో పటం తెరిచింది. సన్యాసి మాయమయ్యాడు, చెప్పినట్టే. పాత వంతెనను ముక్క ముక్క తీసింది. ఒక వేసవి పట్టినది తీయడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. కొత్తది పెట్టింది, కన్నంలో తన సైన్యపు రంగు వేసిన సన్యాసినొకణ్ణి నిలబెట్టింది, భద్రపరిచింది. ఫ్రూతోస్‌కి ఒక నియమం ఉండేది: ఏ చిన్న మార్పు చేసినా పాత పేరు మీద భద్రపరచకూడదు, ఆ రోజు చర్చి క్యాలెండరులో ఏ పునీతుడి పండగైతే ఆ పేరు పెట్టి వేరేగా దాచాలి. దేవుణ్ణి నమ్మనివాడు పునీతులందర్నీ ఆ పనికి వాడుకునేవాడు. ఆమెకది గుర్తు రాలేదు. కంపెనీవాళ్ళు పంపిన సూచనల్లో పేరు మార్చొద్దని ఉంది. మార్చలేదు. పాతది పోయింది.

ఆట బయటికొచ్చిన రోజు ఒబ్దూలియాని ఇంటికి పిలిచింది. ఒబ్దూలియా ‘పొంచే’ అనే మా ఊరి కేకు ముక్క తెచ్చింది, బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుంది.

“ఏదీ, మీ అన్న పేరు చూపించు.”

తెర వెలిగింది. వంతెన బొమ్మ, సూర్యాస్తమయం, వానకోయిలలు. కింద సన్నటి అక్షరాలు: ‘అభిమానుల సంఘం తయారుచేసిన పటం.’

“అభిమానుల సంఘం అంటే మీ అన్నేనా?” అంది ఒబ్దూలియా.

“కాదు.”

“మరి?”

“ఎవరూ కాదు.”

ఒబ్దూలియా కేకు మీద కాగితం మెల్లగా మళ్ళీ మూసేసింది.

లెయాంద్రోకి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తాడు. ఎదురుచూస్తున్నట్టున్నాడు.

“వినండి, నేను పేర్లు పంపాను. ఒట్టు. లాయర్లు తీసేశారు. ఒకరి పేరు పెడితే పటాలు చేసినవాళ్ళందరూ అడుగుతారట.”

“అడిగితే?”

“అందరివీ పెట్టాలి కదా.”

“పెడితే?”

అటువైపు ఏదో తలుపు మూసిన చప్పుడు.

“చెప్పు బాబూ, పెడితే ఏమవుతుంది? తెర బరువెక్కి కూలిపోతుందా? చక్రవర్తి పేరుకి రాయి సరిపోయింది కదా.”

“మీ కోపం నాకర్థమైంది.”

“అర్థమైతే చాలదు. నీకు జీతం ఇచ్చేవాడికి అర్థం కావాలి. వాడికి అర్థమయ్యేలా నువ్వు చెప్పావా?”

“నేను అక్కడ చిన్నవాణ్ణండీ.”

“మా అన్నని పైకెక్కించిన మేస్త్రీ కూడా అదే అన్నాడు,” అని పెట్టేసింది.

ఇక మిగిలింది కన్నంలోని సన్యాసి. పేరు పోతే పోయింది, అన్న సంతకం ఉందిలే అని సమాధానపడాలని చూసింది. ఎన్నో రోజులు అలాగే పెంకులు ఊడ్చింది.

మళ్ళీ ఫోన్ మోగినప్పుడు అది లెయాంద్రోయే. గొంతులో మొహమాటం.

“ఒక సాయం కావాలి. మీ పటంలో ఏదో తేడా ఉందని ఆడేవాళ్ళు గొడవ చేస్తున్నారు. ఒకచోట ఏమీ లేదు, ఉత్త నేల. కానీ సైన్యం దాన్ని తొక్కదు. చుట్టూ తిరిగి పోతుంది. బండ్లయితే ఇరుక్కుపోతున్నాయి. పోటీల్లో ఒకతను దానివల్ల ఓడిపోయాడు. పాత పటంలో అక్కడేమైనా ఉండేదా?”

“ఎక్కడ?”

“వంతెన మొదలయ్యే చోట. కమానులు బాగా పొట్టిగా ఉండేవైపు. ఊరి చివర.”

ఆమె పొయ్యి ఆర్పేసింది.

“వింటున్నారా?”

“ఏ కమాను?”

“మొదటిదే. దాని పక్కనే, ఆనుకుని.”

రొట్టెసంచి పెట్టే చోటు. వ్యాను ఆగే చోటు. పటంలో అందరి కళ్ళూ ఎత్తు మీదుంటే, వంతెన నడుం దాటని చోట, తాను రోజూ నిలబడ్డ చోటే నిలబెట్టాడు తన పనివాణ్ణి. ఆమె ఆ చోటు చూడనేలేదు. కొత్త ఆట మనిషిని చెరిపేసింది కానీ, అతను నిలబడ్డ నేలను ఖాళీ చేయడం మరిచిపోయింది. కంటికి లేడు. కాలికి ఉన్నాడు.

“నాకు తెలీదు. చూసి చెబుతాను,” అంది.

సోమవారం పొద్దున కూర్చుని చూసింది. గుర్రపు దండునొకదాన్ని తయారుచేసి, ఊరి చివర నుంచి వంతెన వెంబడి నడవమంది. గుర్రాలు బారుగా వచ్చాయి. మొదటి కమాను దగ్గరికి రాగానే దండు రెండుగా చీలింది. సగం ఇటు, సగం అటు, మధ్యలో ఒక మనిషి పట్టేంత నేల వదిలేసి, దాటాక మళ్ళీ కలిసిపోయాయి. వెనక్కి రమ్మంది. మళ్ళీ చీలాయి. వేలాదిమందిని తొక్కే సైన్యం అది. ఒక్క పరంజా పనివాడికి దారి ఇచ్చి తప్పుకుని పోతోంది. ఆమె ఎన్నిసార్లు అటూ ఇటూ నడిపిందో, మంత్రి వచ్చినా బిషప్ వచ్చినా తప్పుకోని ఆ దండును చూసి చూసి తనివి తీరలేదు. మెడ పట్టేసింది, పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

సాయంత్రం తనే ఫోన్ చేసింది.

“అక్కడ మా అన్న ఉన్నాడు.”

“అంటే?”

చెప్పింది. సంతకం అలవాటు, సన్యాసి, పొట్టి కమాను, వ్యాను. లెయాంద్రో అడ్డం రాలేదు.

“ఆ చోటు అలాగే వదిలేయండి,” అంది. “పేరు అడగను. ఇంకేమీ అడగను. గుర్రాలు పక్కకి జరిగి పోతే మీ ఆటకొచ్చిన నష్టమేంటి?”

“పోటీలు ఆడతారండీ. ఒక్క అడుగు తేడాతో గెలుపు మారిపోతుంది. అలంకారం వల్ల ఎవరూ ఓడిపోకూడదు అని మా దగ్గర నియమం.”

“నియమాలు మీకు అవసరమైనప్పుడు భలే గుర్తొస్తాయి.”

“నేను మాట్లాడి చూస్తాను. నిజంగా. అదే చోట ఏదైనా గుర్తు పెట్టమని అడుగుతాను.”

“నిన్నెవరూ ఏమీ అడగరు లెయాంద్రో. వాళ్ళు చెబుతారు, నువ్వు చేస్తావు. నేనూ అంతే. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, చెయ్యను అని చూడు. ఏమవుతుందో చూడు.”

“ఉద్యోగం పోతుంది.”

“పోతుంది,” అని ఒప్పుకుంది ఆమె.

మర్నాడు పెంకులు ఊడుస్తూ అంతా ఒబ్దూలియాకి చెప్పింది. ఒబ్దూలియా చేతులు తుడుచుకుని విన్నది.

“కంప్యూటర్లో నేల మీద కనబడని మనిషి ఉన్నాడు. వాడి కోసం నువ్వు ఏడుస్తున్నావు.”

“ఊఁ.”

“బయట గోడకి పలక ఉందే, మంత్రి పేరు రాసినది. దాని ముందు ఎప్పుడైనా ఏడ్చావా?”

“లేదు. అక్కడ ఉమ్మేశాను.”

“సరిపోయింది అయితే. ఏడువు,” అని ఆమె చేతిలో చీపురు తీసుకుంది ఒబ్దూలియా. ఆ పూట తనే ఊడ్చింది.

ఆటకి కొత్త సవరణ వచ్చింది. ఏమేం సరిచేశారో పొడుగ్గా రాశారు: విలుకాళ్ళ బలం తగ్గింపు, ఓడల వేగం పెంపు, వానకోయిలల కూత సరి. నడుమ ఎక్కడో ఒక ముక్క: ‘సెగోవియా పటంలో అక్కర్లేని అడ్డు తొలగింపు.’ ఫ్వెన్సిస్లా ఆ పదాలను వేలితో తాకింది. అక్కర్లేని అడ్డు. ఏ కాంట్రాక్టరూ ఇంత తేటగా చెప్పలేదు.

లెయాంద్రో దగ్గర్నుంచి ఉత్తరం కూడా వచ్చింది. చెయ్యగలిగింది చేశానని, ఆ చోట ఒక పూలకుండీ పెట్టించగలిగానని, ఎర్రపూలని, అలంకారం కాబట్టి దారికి అడ్డు రాదని ఒప్పుకున్నారని రాశాడు. ఆమె జవాబు రాయలేదు. తిట్టడానికి కూడా మనసు రాలేదు. పూలు పెట్టాలని తోచినవాడు ఆ భవనం మొత్తంలో అతనొక్కడే అయ్యుంటాడు. దానివల్ల ఒరిగిందేమిటి?

సోమవారం పటం తెరిచింది. మొదటి కమాను పక్కన కుండీ ఉంది, చక్కగా. గుర్రపు దండును నడిపింది. గుర్రాలు బారుగా వచ్చాయి, చీలలేదు, ఆగలేదు, కుండీ మీదుగా నేరుగా వెళ్ళిపోయాయి. పూలు నలగలేదు. రేకు కదలలేదు. అక్కడ ఎన్ని డెక్కలు పడ్డా ఆ పూలకేమీ కాదు, అది వాటి గొప్ప. వెనక్కి నడిపింది. మళ్ళీ అంతే.

కిటికీ బయట వీధిలో స్కూలు పిల్లల గోల. హోటల్ సెలవే కానీ ఆ రోజు పెద్ద పెళ్ళి బృందం వస్తోందని, మధ్యాహ్నానికి అందరూ రావాలని ముందురోజే చెప్పారు.

లేచే ముందు శత్రువులందరినీ తీసేసి కొత్తగా ఆట మొదలుపెట్టింది. పనివాళ్ళలో ఒకణ్ణి ఎంచుకుంది. ఎర్రచొక్కా, భుజాన గొడ్డలి. మిగతావాళ్ళను చెట్లకీ, పొలానికీ, గనికీ పంపింది. వాణ్ణి మాత్రం ఊరి చివరికి నడిపించింది. గుడిసెలు దాటి, గొర్రెలు దాటి, ఎత్తు కమానులన్నీ దాటి, పొట్టి కమాను దాకా. కుండీ మీద నిలబెట్టింది. వాడు గొడ్డలి దించి, వంతెన వైపు తిరిగి ఆగాడు. నడుం దాటని రాయి పక్కన అచ్చం వ్యాను కోసం నిలబడ్డట్టే ఉన్నాడు.

వెంటనే గంట మోగింది. తెర మూల చేతులు కట్టుకున్న బొమ్మ వెలిగింది, పక్కన ఒకటి అని అంకె. పనిలేనివాడు ఒకడు. వీడు ఎవరికీ చెందనివాడు కాదు మరి, ఆమెకి చెందినవాడు. వీడికి గంట తప్పదు.

ఫోన్ మోగింది. ఒబ్దూలియా.

“ఎక్కడున్నావే? పెళ్ళివాళ్ళు దిగారు. పళ్ళేలు దొంతర్లు పెట్టి ఉన్నాయి పగలగొట్టడానికి.”

“వస్తున్నా.”

“ఆ మోత ఏంటి?”

“గంట. ఎవడో పని లేకుండా నిలబడ్డాడని.”

“ఆపరాదూ.”

ఆపడానికి ఒక్క మీట చాలు. మీట నొక్కితే వాడు పోయి చెట్టు కొడతాడు. ఫ్వెన్సిస్లా కోటు తొడుక్కుంది, కంప్యూటరు ఆర్పలేదు, తలుపు తాళం వేసింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ గంట వినబడుతూనే ఉంది.